స్కోటా పడవలో చోటు

విభూది బుధవారం. ఉదయ ప్రార్థన అయ్యాక.
నుదుటి మీద విభూది ఇంకా రాలలేదు, నిర్ణయం మాత్రం ఖాయం! పాస్క పండగ దాకా సాగే ఈ నలభై రోజుల తపస్సుకాలమంతా మఠంలో అందరూ మాంసం మానేస్తారు. అదేం గొప్ప? మా వంటింట్లో మామూలు రోజుల్లో కూడా దాని జాడ ఉండదు. నేను అబద్ధం మానేస్తున్నాను. బ్రదర్ ఫెర్కర్ అనే నేను, మా స్కాట్లాండు చరిత్ర రాసే పని నెత్తిన వేసుకున్నవాణ్ణి, ఇకనుంచి కళ్లారా చూసినవాళ్లు ఉంటేనే రాస్తాను. లేకపోతే లేదు. అంతే!

అసలు మా పుస్తకం మొదటి పేజీ తీస్తే సిగ్గేస్తుంది. ఈజిప్టు ఫరో కూతురు స్కోటా అట. గ్రీకు రాకుమారుణ్ణి పెళ్లాడి, ఓ బండరాయిని పడవలో వేసుకుని బయల్దేరిందట. ఆవిడ సంతానం స్పెయిను, ఐర్లండు చుట్టి ఇక్కడ దిగారట. ఆవిడ పేరే మా స్కాట్లాండుకు వచ్చిందట. ఎవరు చూశారండీ?

గురువారం.
కత్తి తీసుకుని స్కోటాను గీకి పారేశాను. తోలు పేజీ కదా, సిరా సులువుగా పోతుంది. మొగుడు కూడా పోయాడు. మిగిలినవి:
ఆవులకు తెగులు, రెండుసార్లు.
మఠాధిపతుల మరణాలు, పదకొండు.
వాన.
మొత్తం మూడు పేజీలు. కానీ ఎంత నిఖార్సుగా ఉన్నాయో!

మొదటి ఆదివారం. భోజనానికి ముందు.
గిల్లబ్రైడ్ తాత వచ్చాడు. కొత్త రాజుకు పట్టం కట్టేటప్పుడు లేచి నిలబడి, రాజు తండ్రి, ఆయన తండ్రి అంటూ స్కోటా దాకా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేది ఈయనే. ఇవన్నీ ఎవరు చూశారని అడిగాను. వాళ్ల నాన్న చెప్పాడట. ఆయన చూశాడా? ఆయనకు వాళ్ల నాన్న చెప్పాడట. అలా ఆరు తరాలు వెళ్లేసరికి భోజనం గంట కొట్టారు. తాత మొహం చిన్నబోయింది. పాపమనిపించింది గానీ, వాదనలో గెలుపు నాదే.

రెండో వారం, మంగళవారం.
పెద్దయ్యగారు పిలిచారు. పెద్దయ్యగారంటే మా మఠాధిపతి రాదుల్ఫ్. విషయం గట్టిదే. ఈ దేశం తనదేనని సరిహద్దు అవతలి దక్షిణాది రాజు పోపుగారికి ఉత్తరం రాశాడు. ట్రాయ్ నగరం నుంచి బ్రూటస్ అనే వీరుడు వచ్చి, రాక్షసుల్ని చంపి, వాళ్లూ మేమూ ఉన్న ఈ ద్వీపం మొత్తాన్ని పట్టుకున్నాడట. ఆ వీరుడి వారసుడు తానేనట. మా తరఫున జవాబు చెప్పడానికి రాయబారులు రోముకు వెళ్తున్నారు. వాళ్ల చేతిలో పెట్టాల్సింది నా పుస్తకం.

నా మూడు పేజీలు చూపించాను. ఆయన చాలాసేపు చదివారు.

"ఫెర్కరూ, వాళ్లేమో ట్రాయ్ నుంచి వచ్చారట. మనం ఆవుల తెగులు నుంచి వచ్చామా నాయనా?"

చూసినవాళ్లు లేరండీ అన్నాను. చెక్కు చెదరలేదు నేను!

బుధవారం.
మఠం గేటు దగ్గర బీరు కాచే మారియోటా ఆపింది. ఐదేళ్ల క్రితం దక్షిణాది సైన్యం రేవు పట్టణం మీద పడినప్పుడు ఆమె భర్త కోల్బన్ చనిపోయాడు. అప్పుడే ఇక్కడికి వచ్చేసింది. రోము సంగతి ఆమె చెవిన కూడా పడింది.

"ఈ దేశం వాళ్లదేనని అక్కడ తేలితే మా ఆయన ఏమవుతాడు అయ్యగారూ? రాజు మీద తిరగబడ్డ ద్రోహి. మనదని తేలితే సొంత ఊరు కాపాడుకున్నవాడు. అంతే కదా?"

ఆలోచించి చెబుతానన్నాను. రోజంతా మనసు మనసులో లేదు.

గురువారం.
స్కోటా తిరిగి వచ్చింది. కంగారేం లేదు. పక్కన 'అని పెద్దలంటారు' అని చేర్చాను. పెద్దలు అంటున్నారా లేదా? అంటున్నారు. నా చెవులతో విన్నాను. నియమం భంగం కాలేదు!

శనివారం.
ఒక్క పేజీలో పద్నాలుగు 'అంటారు'లు ఉన్నాయని పెద్దయ్యగారు లెక్కపెట్టి చూపించారు. పోపుగారి గుమాస్తాలు నవ్వుకుంటారట. అన్నీ గీకేశాను. అబద్ధం రాయలేదు, పొడుగు తగ్గించానంతే.

మూడో వారం, సోమవారం.
బ్రూటస్ కంటే స్కోటా ముందు రావాలి కదా. మూడు వందల ఏళ్లు ముందుకు జరిపాను. పెద్దయ్యగారు ఐదు వందలన్నారు. తపస్సుకాలంలో అత్యాశ కూడదని నేనే తగ్గించాను.

నాలుగో వారం.
ఎవరో సంగతి బయట ఊదేశారు. చుట్టుపక్కల దొరలంతా గుమ్మంలో ఉన్నారు! ఒక్కొక్కరి ముత్తాతకూ స్కోటా పడవలో చోటు కావాలట. ఒకాయన సాల్మన్ చేప తెచ్చాడు. ఇంకొకాయన బుట్టెడు పాముచేపలు. ఇద్దరి ముత్తాతల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదట, పాత పగలు.
సాయంత్రానికి ప్రయాణికులు: అరవై ముగ్గురు, రాయితో కలిపి.
నలభై మంది దాటితే ఆ పడవ మునుగుతుందని మా వడ్రంగి బ్రదర్ అన్నాడు. పడవ పొడుగు పెంచాను.

ఐదో వారం, గురువారం.
ఎవరికీ చెప్పను గానీ, మహా సరదాగా ఉంది! తుఫాను రెండు పేజీలు వచ్చింది. స్కోటాకు సముద్రం పడక వాంతులు. రాస్తూ నేనే కన్నీళ్లు పెట్టుకున్నాను.

శుక్రవారం.
ముందు తెడ్డు వేసేవాడికి పేరు లేదు. కోల్బన్ అని రాశాను. దీనికి ఎవరూ చేప ఇవ్వలేదు. మారియోటాకు నేను బాకీపడ్డ జవాబు ఇదే.

మట్టల ఆదివారం.
భోజనశాలలో చదివి వినిపించాను. అందరూ ఏడ్చారు. "ఆ తెడ్డు వేసినవాడి పేరు చెప్పడం మా నాన్న మర్చిపోయాడు చూశావా!" అంటూ గిల్లబ్రైడ్ తాత అక్కడికక్కడే కంఠస్థం చేసేశాడు. నేను కల్పించానని ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపాడు.

సోమవారం. మధ్యాహ్నం.
పొద్దున్నే పుస్తకం రోము దారి పట్టింది. నేను గేటు దగ్గరికి వెళ్లి, మీ ఆయన స్కోటా పడవ నడిపాడమ్మా అని చెప్పాను. మారియోటా పడీపడీ నవ్వింది. కాసేపటికి గరిటె పక్కన పెట్టింది.

"మా ఆయనా? వాగు దాటాలన్నా కళ్లు మూసుకునేవాడు. ఆ రోజు నన్ను పడవ ఎక్కించి, తాను రేవు ద్వారం దగ్గర ఉండిపోయాడు. వాళ్లను ఆపడానికి ఉండిపోయాడో, నీళ్లంటే భయపడి ఉండిపోయాడో నాకు తెలీదు అయ్యగారూ. పడవ మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాడు. నేను చూశాను."

తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మంగళవారం. ఉదయ ప్రార్థన అయ్యాక.
మళ్లీ మొదలు! కొత్త తోలు, కొత్త ఈక కలం. ఇకనుంచి చూసినవాళ్లు ఉంటేనే రాత. పాస్క పండక్కి ఇంకా ఐదు రోజులుంది, ఐదు రోజులు ఆగలేనా? రోములో కోల్బన్ తెడ్డు వేస్తాడు, వేయనీ. ఇక్కడ మొదటి పేజీ, మొదటి వాక్యం:

'కోల్బన్ పడవ ఎక్కలేదు. ఎందుకో తెలియదు. చూసినది, అతని భార్య మారియోటా.'