గోడ దూకిన ఉద్దేశం

పెత్రమాస, ఆదివారం రాత్రి.

బాపు మీద కంప్లైంట్ ఇచ్చారు. అరవై దాటిన మనిషి గోడ దూకాడని.

మా బౌరంపేట్ పొలం కొన్నప్పుడు వెంచర్ వాళ్లు తాత సమాధిని కదిలించబోమని మాటిచ్చారు. ఇప్పుడక్కడ సమాధి లేదు, పిల్లల పార్కు ఉంది. పెద్దలకు పెట్టుకునే అమావాస్య కదా, ఏటా చేసినట్టే బాపు ఈ పొద్దున తాతకు కల్లు తీసుకెళ్లాడు. గేటు దగ్గర ఆపితే గోడ దూకి, ఉయ్యాల పక్కన పోసి వచ్చాడు.

మేడ్చల్ వకీలుకు ఫోన్ చేశాను. అక్రమ ప్రవేశానికి మూడు నెలల దాకా జైలు, లేదా జరిమానా, రెండూ కూడా పడొచ్చట.

"కానీ ఊకె లోపలికి పోతే నేరం కాదమ్మా. ఏదన్న నేరం చెయ్యాలెననో, అక్కడున్నోళ్లను బెదిరియ్యాలె, సతాయించాలెననో పోతేనే. మా నాయిన సమాధికి మొక్కనీకి పోయిన అని చెప్పమను, సాలు" అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది. బాపుకు అదే చెప్పాను. అన్నం కలుపుతూ తల అడ్డంగా ఊపాడు.

"మొక్కుడైతే ఇంట్ల ఫొటోకే మొక్కుతుంటి. ఆళ్ల కండ్ల ముంగటనే పొయ్యాలె, ఆళ్లకు మండాలె అనే పోయిన."

"గట్ల చెప్తే అదే నేరమైతది బాపూ."

"మరి మాట తప్పినోళ్లకు ఎన్ని నెలలంట? అడిగినవా?"

అడగలేదు. దానికి అసలు సెక్షన్ ఉందో లేదో కూడా తెలియదు. పొద్దున్నే స్టేషన్‌కు రమ్మన్నారు. చిన్నప్పుడు నేను అబద్ధమాడితే వీపు వాయించిన మనిషికి, తెల్లారేలోపు అబద్ధం ఎట్లా నేర్పాలి?