నాలుగో మెషీన్‌లో ఉప్పు తగ్గింపు

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మంగళవారం ఉదయం 10:42 గంటలకు డయాలసిస్ యూనిట్ నాలుగో మెషీన్ మీద నా భార్య బీపీ 78/46కు పడిపోవుట, అదే ఉదయం 11:15కు బీపీ అదుపులో సదరు యూనిట్‌కే ప్రథమ స్థానం ప్రకటించుట, ఆ మెషీన్ సోడియం అంకెను శుక్రవారం ఉదయం 8:00 లోపు తిరిగి 138కి మార్పించుట గురించి.

సూచిక: ఉప్పు తగ్గింపు కమిటీ ఉత్తర్వు, గత నెల ఒకటో తేదీ.

తమకు విన్నవించుకునేదేమనగా, నా భార్య వయసు యాభై ఎనిమిది. వృత్తి దర్జీ పని. కిడ్నీలు రెండూ పనిచేయక మూడేళ్లుగా మంగళ, శుక్రవారాల్లో తమ ఆసుపత్రిలో నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకుంటోంది. నేను పత్రికలో ముప్పై ఏళ్లు విలేకరిగా పనిచేశాను. ఆమె మంచం పక్కన కుర్చీలో కూర్చుని గడియారం చూసి రాసుకున్నవీ, ఆఫీసు కాగితాల్లో చదివినవీ మాత్రమే ఈ కింద పొందుపరుస్తున్నాను.

1. మంగళవారం 8:00కు మెషీన్ కలిపారు. అప్పుడు బీపీ 164/92. 10:30కు ఆమెకు ఆవలింతలు మొదలయ్యాయి. 10:38కి "ఏవండీ, ఫ్యాను ఎవరాపారు?" అంది. ఫ్యాను తిరుగుతోంది. 10:40కి కుడికాలి పిక్క పట్టేసింది. 10:42కు మెషీన్ మోగింది. టెక్నీషియన్ పరుగున వచ్చి, మంచాన్ని తల వైపు దించి, కాళ్లు ఎత్తిపెట్టి, నీరు తీయడం ఆపి, సెలైన్ వదిలాడు. ఆమె కళ్లు తెరిచేసరికి 10:51. ఆ తొమ్మిది నిమిషాల్లో నేను చేసిన పని ఆమె చెప్పులు మంచం కింద వరసగా పెట్టడం. ఎందుకు పెట్టానో ఇప్పటికీ తెలియదు. ఇది అర్జీలో రాయదగిన విషయం కాదు, క్షమించవలెను.

2. పై సంఘటనకు కారణం సదరు ఉత్తర్వు. ఆసుపత్రిలోని ప్రతి విభాగమూ ఉప్పు వాడకాన్ని ఇరవై శాతం తగ్గించాలని అందులో ఉంది. కమిటీ కన్వీనరు క్యాంటీన్ మేనేజరు గారు. ఉప్పు ఎక్కడెక్కడ వాడుతున్నారో జాబితా ఇమ్మని వారు స్టోర్సును అడిగారు. స్టోర్సు మూడు పేర్లు ఇచ్చింది: క్యాంటీన్, నీటి ప్లాంటు, డయాలసిస్. క్యాంటీన్‌లో బల్లల మీది ఉప్పు డబ్బాలు తీసేశారు. నీటి ప్లాంటు తాళం దొరకలేదు. డయాలసిస్ యూనిట్ తలుపు తెరిచే ఉంది.

3. నా భార్య చార్టులో కిడ్నీ డాక్టరు గారు రాసిన సోడియం 138. అందులో ఇరవై శాతం తీసేస్తే 110. మెషీన్ 130కి కిందికి దిగలేదు. కనుక ఆరు మెషీన్లకూ 130 పెట్టి, "మెషీన్లు సహకరించుట లేదు, మిగిలిన తగ్గింపు తదుపరి చూడబడును" అని ఫైల్లో రాశారు. ఈరోజు మా ఆవిడ ప్రాణంతో ఉండటానికి ఆ సహకరించకపోవడమే కారణమని నా నమ్మకం.

4. కూరలో ఉప్పు తగ్గిస్తే బీపీ తగ్గుతుంది. మా ఇంట్లో మూడేళ్లుగా తగ్గించాం. మెషీన్‌లో ఉప్పు వేరు. దాన్ని టెక్నీషియన్ నా భార్యకు ఇలా చెప్పాడు: "అమ్మా, ఈ నీళ్లు మీరు తాగేవి కావు. పల్చటి పొరకి అటు మీ రక్తం, ఇటు ఈ నీళ్లు. ఇటు ఉప్పు మరీ తక్కువైతే మీ రక్తంలోది ఇటు వచ్చేస్తుంది. అప్పుడు రక్తంలో నీరు నిలవక కండల్లోకి పోతుంది. ఒకపక్క మెషీన్ కూడా నీరు లాగుతుంటుంది. ఇక బీపీ ఎక్కడ నిలబడుద్ది?"

ఆమె "క్యాంటీన్ కూరలో ఉప్పు లేకపోతే పక్కన పెట్టేస్తాం. నన్నూ పక్కన పెట్టేస్తారా బాబూ?" అంది. అతను సెలైన్ సీసా మార్చాడు.

మేము ఎక్కువ అడగడం లేదని కూడా మనవి. కిందటేడు ఒకసారి పొరపాటున 144 పెట్టారు. ఆ రోజు బీపీ నిలకడగానే ఉంది. ఇంటికొచ్చాక దాహం ఆగలేదు. మరుసటి డయాలసిస్‌కు ఒంట్లో నాలుగు కిలోల నీటితో, ఆయాసంతో వచ్చింది. 130 వద్దు, 144 వద్దు. ఆమె రక్తం చూసి డాక్టరు రాసిన అంకె ఏదో అదే కావాలి.

5. ఆ అంకె మార్చే మీట మీద కాగితం అంటించి ఆఫీసు ముద్ర వేశారు. డాక్టరు గారు శిక్షణకు వెళ్లారు, వచ్చే నెల గాని రారు. ఫోన్ చేస్తే "138 పెట్టేయండి, ఇంతలో ఏముంది" అన్నారు. ఫోన్ మాటకు ముద్ర ఊడదని ఆఫీసు చెప్పింది. నేను కన్వీనరు గారిని కలిశాను. మా సంభాషణ ఇది.

"బీపీకి ఉప్పు శత్రువు అని గోడ మీదే రాసుంది కదండీ. చదువుకున్నవారు మీరే ఇలా అంటే ఎలా?"

"అది తినే ఉప్పు గురించండీ. డాక్టరు చార్టులో 138 అని రాశారు."

"చార్టు సలహా అండీ. మాది ఉత్తర్వు. సలహా కోసం ఉత్తర్వు మారుస్తామా?"

"ఆవిడ స్పృహ తప్పింది."

"బీపీ పెరిగా, తగ్గా?"

"తగ్గి."

"మరింకేం?"

6. ఆయన "మరింకేం" అనడంలో దురుద్దేశం లేదు. కమిటీ ఫారంలో రెండే గడులున్నాయి: "ఎక్కువ", "ఎక్కువ కాదు". 78/46ను రెండో గడిలో వేశారు. గత నెలకు ముందు డయాలసిస్ చివర్లో ఆ యూనిట్ సగటు పై బీపీ 156. ఇప్పుడు 108. ఈ లెక్కతోనే ప్రథమ స్థానం వచ్చింది. అదే కాలంలో బీపీ పడిపోయిన సందర్భాలు మూడు నుంచి ఇరవై రెండుకు పెరిగాయి. వాటికి గడి లేదు.

7. పడిపోయిన ప్రతిసారీ లేపడానికి సెలైన్ ఎక్కిస్తారు. సెలైన్ ఉప్పునీరు. అందువల్ల నెలకు తొమ్మిది సీసాలు వాడే యూనిట్ నలభై ఒకటి వాడింది. ఉప్పు తగ్గింపు కాలంలో ఉప్పునీరు ఎందుకు పెంచారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని టెక్నీషియన్‌కు మెమో ఇచ్చారు. మెషీన్‌లో తీసేసిన ఉప్పునే సూదితో ఎక్కించాల్సి వస్తోందని అతను రాశాడు. జవాబు అస్పష్టంగా ఉందని తిప్పి పంపారు. ఐదో మెషీన్ మీద పడుకునే బస్సు డ్రైవరు ఆ మెమో చదివించుకుని, "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటం విన్నాను. ఊడిన నాలుకకి లెక్క అడగటం ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు.

8. శుక్రవారం 10:30కు తమరు యూనిట్‌కు వచ్చి షీల్డు అందజేస్తారని నోటీసు బోర్డులో ఉంది. అందుకునేందుకు "ఆదర్శ రోగి"గా నా భార్యను ఎంపిక చేశారు. ఎంపిక విధానం అడిగాను. 164 నుంచి 78కి, అంటే యాభై రెండు శాతం తగ్గుదల ఆసుపత్రి మొత్తం మీద ఆమెదేనట. 10:30కు ఆమె మెషీన్ మీద ఉంటుంది. పడుకునే అందుకోవచ్చా అని టెక్నీషియన్ అడిగితే, ఫోటోలో రోగి నిలబడి ఉండాలన్నారు. మంగళవారం ఆ వేళకు ఆవలింతలు మొదలయ్యాయని తమకు గుర్తు చేస్తున్నాను.

అయ్యా, ఉత్తర్వు కింద సంతకం తమది. రోజుకు తమ బల్ల మీదికి ఎన్ని కాగితాలు వస్తాయో వరండాలో కూర్చుని చూశాను. ఇది చదివి పెట్టిన సంతకం కాదనే అనుకుంటున్నాను. శుక్రవారం కూడా 130 మీదే కలిపితే ఆమె మళ్లీ లేస్తుందో లేదో చెప్పగలవారు తమ ఆసుపత్రిలో ఎవరూ నాకు కనబడలేదు. ముద్ర తీసి మీట తిప్పడానికి ఎంతసేపు పడుతుందని టెక్నీషియన్‌ను అడిగాను. పదకొండు సెకన్లు అన్నాడు.

కావున తమరు దయతో ఆరు మెషీన్ల ముద్రలు తీయించి, ఎవరి చార్టులోని అంకె వారికి పెట్టించి, ఫారంలో "తక్కువ" అనే మూడో గడి చేర్పించి, టెక్నీషియన్ మెమోను రద్దు చేయించవలసినదిగా ప్రార్థన. ఇందులోని సమయాలన్నీ మెషీన్ దాచుకున్న రికార్డుతో సరిచూసి మరీ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నాలుగో మెషీన్ రోగి భర్త
బుధవారం, సాయంత్రం 5:20

తా.క.: ఈ అర్జీని తమ ఆఫీసులో ఇస్తే గురువారం 11:00కు జవాబు వచ్చింది. సోడియం అంశం కమిటీ ముందు పెడతారు. కమిటీ శుక్రవారం మధ్యాహ్నం 3:00కు కూర్చుంటుంది.

ఆ కాగితం మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె కుట్టుమిషన్ ఆపి, "నేను ఎక్కను" అంది. ఒక పూట తప్పితే ఊపిరి అందదని చెప్పాను. "తెలుసు. మూడేళ్ల నుంచి పడుకుంటున్నది నేనా, మీరా? నా సంగతి నువ్వు రాయి, ఏవండీ ఏవండీ అని నేను బతిమాలినట్టు రాయకు" అంది. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో నన్ను నువ్వు అనడం ఇదే మొదటిసారి. తర్వాత ఐదో మెషీన్ డ్రైవరుకు ఫోన్ చేసింది. ఆయన అవతల "మెషీన్ ఎక్కకపోతే బీపీలు వాటంతటవే పెరుగుతాయి చెల్లెమ్మా, మనం చేయాల్సింది కూర్చోవడమే" అనడం నాకు వినబడింది. మిగతా నలుగురికీ ఆయనే ఫోన్లు చేశాడు.

అందువల్ల మారిన కార్యక్రమం తమకు తెలియజేస్తున్నాను. శుక్రవారం 7:30కు ఆరుగురూ వచ్చి బరువు చూపించుకుంటారు. 8:00కు మంచాల పక్కన కుర్చీల్లో కూర్చుంటారు. ముద్ర తీసిన మెషీన్‌ను ఆ నిమిషమే ఎక్కుతారు, తీయని దాన్ని ఎక్కరు. నర్సమ్మ 9:00కు, 10:00కు బీపీలు చూసి "ఎక్కువ" గడిలో వేస్తానన్నారు. 10:30కు తమరు షీల్డుతో వస్తారు.