ఐదు చక్రాల బస్సు

బిస్కెట్ ప్యాకెట్లకూ సబ్బు పెట్టెలకూ బొమ్మలు వేసి రిటైరైన నేను, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఎవరి సలహా అడక్కుండా నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరమ్మ సంతకం చేసిన కాగితం జత చేశాను. మా తమ్ముడు ముందు ఆ కాగితం చదువుకోవాలి. కిందవి చదివాక వాడికి అనుమానం రాక మానదు.

1. నేనుంటున్న మూడో అంతస్తు ఫ్లాటు, అందులోని సామానుతో సహా మా తమ్ముడికి చెందుతుంది. మేమిద్దరం పుట్టి పెరిగిన ఇల్లు అది. అమ్ముకుంటాడో, అద్దెకిస్తాడో వాడిష్టం. తాళాలు ఎలా అందాలో చివర్లో రాశాను. అక్కడిదాకా ఓపిక పట్టాలి.

2. ఇంటర్నెట్‌లో నేను నడిపే ‘ఇటు చూడు’ అనే పేజీ మాత్రం మా తమ్ముడికి గానీ, వాడి ప్రకటనల కంపెనీకి గానీ, రేపు పేరు మార్చి పెట్టబోయే మరో కంపెనీకి గానీ చెందదు.

అందులో ఏముంటాయో తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. గొడుగులు బాగుచేసే మేస్త్రి షట్టరు మీద ఒక ఏనుగు బొమ్మ ఉంది. షట్టరు సగం ఎత్తితే ఆ ఏనుగు చతికిలబడినట్టుంటుంది. రైలు కిటికీల మీద పడే వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేని ఒక వెబ్‌సైటు ఉంది. ఏడో నంబరు బస్సులో వెనక సీటు నుంచి మాత్రమే కనిపించే పావురాల మేడ ఉంది. నా నియమం ఒక్కటే. ఊళ్లోదైతే నేనే స్వయంగా వెళ్లి చూడాలి, ఇంటర్నెట్‌లోదైతే చివరిదాకా చూడాలి. అలా చూడనిది పేజీలో పెట్టను.

“అక్కా, నీ పేజీకి మంచి గిరాకీ ఉంది. నాకిచ్చెయ్, నేను చూసుకుంటా” అన్నాడు తమ్ముడు. వాడు చూసుకోవడమంటే ఏనుగు పక్కన టూత్‌పేస్టు నిలబెట్టడం. బతికుండగా ఒప్పుకోలేదు, పోయాక అసలే ఒప్పుకోను.

3. సదరు పేజీ, దాని పాస్‌వర్డు, అందులోని ఫొటోలపై సర్వహక్కులూ ‘పిల్లిమీసం’ అనే పేరుతో కామెంట్లు రాసే వ్యక్తికి చెందుతాయి. అసలు పేరు నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

చదువుతున్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టడం నాకిక్కడికే కనిపిస్తోంది. అవును, నా ప్రాణం తోడేసిన ఆ మనిషే! ఏనుగు గురించి ఏం రాశాడో చూడండి: “దంతం ఒకటే ఉంది. రెండోది వెయ్యడం మర్చిపోయారు. దీనికోసం ఇంత దూరం నడిపించాలా?” ఒళ్లు మండిపోయింది. ఆనక గమనించాను. వెళ్లి చూడకుండా అతను ఒక్కదాన్నీ తిట్టలేదు. మా బంధువులేమో ఫొటో తెరుచుకునేలోపే “సూపర్” అని రాసి పోతారు. నా నియమం పాటించింది అతనొక్కడే. నడపగలిగేదీ అతనొక్కడే.

4. నా కుంచెలూ తెల్లరంగు డబ్బా గొడుగుల మేస్త్రికి. రెండో దంతం వేస్తాడో మానేస్తాడో అతని ఇష్టం. నా నడక బూట్లు ఎదురింటి టీచరమ్మకు. ఇద్దరి కొలతా ఒకటే. మోకాళ్ల నొప్పులని ఇన్నాళ్లూ తప్పించుకున్నావు తల్లీ, ఇక కుదరదు.

5. మా అపార్ట్‌మెంటు సెక్రటరీ గారికి ఏమీ లేదు. రెండో అంతస్తు దాటాక మెట్ల మలుపులో గోడ మీద బొగ్గుతో గీసిన బస్సు బొమ్మ ఉంది. లిఫ్టు వచ్చాక ఎవరూ అటు ఎక్కరు కాబట్టి రంగు కొట్టించేస్తానని ఆయన పట్టు. నేనున్నన్నాళ్లూ అడ్డం పడ్డాను. ఇకమీదట ఆ గోడ బాధ్యత మా తమ్ముడిది, ఎందుకంటే ఆ బస్సు గీసింది వాడే. అప్పుడు వాడికి ఆరేళ్లు.

ఆ బొమ్మను పేజీలో పెట్టాను, ఎవరిదో చెప్పకుండా. తమ్ముడు ఒక లైకు కొట్టి పోయాడు. గుర్తుపట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు మెట్ల మీద చప్పుడైతే తొంగి చూశాను. గొడుగు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన గోడ ముందు గొంతుక్కూర్చుని చక్రాలు లెక్కపెడుతున్నాడు. పలకరించలేదు. ఆ సాయంత్రం పిల్లిమీసం కామెంటు వచ్చింది: “చక్రాలు ఐదున్నాయి. ఐదోది దేనికో తెలిసినవాళ్లు చెప్పండి.” నాకు తెలుసు. చెప్పాల్సింది నేను కాదని ఊరుకున్నాను.

6. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత టీచరమ్మది. పాస్‌వర్డు పిల్లిమీసం ఖాతాకే పంపాలి. ఫ్లాటు తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. తమ్ముడు మెట్లెక్కి వస్తేనే ఇవ్వాలి. లిఫ్టులో వస్తే కిందికి పంపెయ్యాలి, ఎంత పెద్ద కారులో దిగినా సరే. పైకొచ్చాక ఆ చక్రాల కామెంటు కింద జవాబు వాడే రాయాలి.

మర్చిపోయి ఉంటే, ఒరేయ్, బొగ్గు చేతులు నా గౌనుకు తుడిచి నువ్వు నాతో అన్నమాట ఇది: “ఇది నువ్వు కూర్చునే చోటక్కా. నీకు కుదుపు రాకుండా ఇంకోటి పెట్టా.”

మార్చి పదకొండు, బుధవారం, నా వంటింటి బల్ల దగ్గర చదివి, సరిచూసి చేసిన సంతకం:
‘ఇటు చూడు’ నడిపిన అక్క

సాక్షులు:
గొడుగుల మేస్త్రి
మా వీధి చివరి కళ్లజోళ్ల షాపాయన (మెట్లెక్కే వచ్చాడు)