అత్త ఇచ్చిన రెండు వరసలు

నా కోపాలన్నీ తెలిసిన అక్కకు,

నెల దాటినా ఉత్తరం లేదేమని బావ చేత ఫోన్ చేయించావు. ఫోన్‌లో అయితే ఏడ్చేస్తానని ఏమీ చెప్పలేదు. కాగితం మీద ఏడ్చినా నీకు వినపడదు.

మా పరిశోధన కేంద్రంలో నా పని నీకు తెలుసు. గాజు సీసాల్లో లద్దెపురుగుల్ని పెంచడం, వాటికి ఆకులు వేయడం, సీసాలు కడగడం. పేరుకు అటెండరునే. కానీ వేప నూనె, కానుగ నూనె కలిపి కొడితే ఆ పురుగులు ఏమవుతాయో చూడాలన్న బుద్ధి పుట్టింది నాకు, పెద్దసారుకు కాదు. ఆరేళ్ళు చూశాను. నూనె నీళ్ళలో కలవదు, ముందు సబ్బు నీళ్ళతో గిలక్కొట్టాలి. పురుగు వెంటనే చావదు. మొదట తిండి మానేస్తుంది, తర్వాత పాత చర్మం విడవలేక అందులోనే ఇరుక్కుని ఎండిపోతుంది. ఇదంతా తేదీలు వేసి పుస్తకంలో రాసుకున్నాను. ఆ వాసనకు సారు నన్ను "నూనెమ్మా" అని పిలిచేవాడు. నేను భోంచేసే బల్లను బాత్రూం పక్కకు జరిపించాడు. నవ్వి ఊరుకున్నాను.

పోయిన నెల ఆయన పేరుతో చిన్న పుస్తకం అచ్చయింది. తెరిచి చూస్తే నా లెక్కలు, నా తేదీలు, ఒకచోట నేను చేసిన అక్షరదోషంతో సహా. బీరువాలో నా పుస్తకం లేదు. అడిగితే, "సీసాలు కడిగేవాళ్ళకు పుస్తకాలెందుకు?" అన్నాడు. అక్కా, ఆ రోజు నుంచి అన్నం ముద్ద గొంతు దిగడం లేదు.

అయితే ఆయనకు తెలియనిది ఒకటుంది. ఎత్తుకుపోయింది నా మొదటి పుస్తకం. అందులో సీసాల్లో చేసినవే ఉన్నాయి. లీటరు నీళ్ళకు ముప్పై మిల్లీలీటర్ల నూనె, పురుగులన్నీ చచ్చాయి అని. తెంపిన ఆకు మాడితే ఎవరికి పట్టింది? మా మడిలో ఓ మూల అదే కొలతతో కొడితే మొక్కలే మాడిపోయాయి. ఐదు చాలని, అదీ ఎండ తగ్గాకే కొట్టాలని రెండో పుస్తకంలో రాశాను. అది నా ఇంట్లో ఉంది. వచ్చే వారం పై అధికారుల ముందు, రైతుల ముందు సారు మా కేంద్రం మడిలో కొట్టి చూపిస్తాడట. ముప్పైతో. మిట్టమధ్యాహ్నం. నేను నోరు విప్పను. ఆకులతో పాటు ఆయన పరువు మాడుతుంటే ఎదురుగా నిలబడి చూస్తాను. వద్దని మాత్రం రాయకు.

నీ చెల్లి

అక్కా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. మా మడిలో పురుగే లేదు, నేనే నూనె కొట్టి ఊడ్చేశాను కదా. అందుకని ప్రదర్శనను, మా కేంద్రం దగ్గర్లో క్యాబేజీ పండించే ఆవిడ, నేను క్యాబేజీ అత్త అంటానే, ఆవిడ తోటకు మార్చారు. ఇన్నేళ్ళూ నా సీసాలకు పురుగుల్ని ఇచ్చింది ఆవిడే. "పురుగులు కావాలని గుమ్మం ఎక్కేదాన్ని నిన్నొక్కదాన్నే చూశానే" అని నవ్వేది. ఆ తోట తప్ప ఆవిడకు మరో ఆధారం లేదు.

రెండు రోజులు నాతో నేనే పోట్లాడుకున్నాను. పగ మానుకోలేను, అత్త తోట మాడనివ్వలేను. ఇవాళ వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. "ఒక్క వరస వదిలెయ్ అత్తా, మిగతా తోట నేను కాపాడతాను" అన్నాను. తిట్టి పంపిస్తుందనుకున్నాను. ఆవిడ కొడవలి పక్కన పెట్టి, "నువ్వు తినే బల్లని బాత్రూం పక్కన వేయించాడా?" అని అడిగింది. అవునన్నాను.

"అయితే ఒకటేం సరిపోతుందే? రెండు తీసుకో."

నీ చెల్లి

అక్కా,

అయిపోయింది. మొదటి నుంచీ చెబుతాను.

ప్రదర్శన రోజు ఎండ నెత్తి మాడుస్తోంది. సారు "నూనెమ్మా, కలుపు" అన్నాడు. అందరికీ వినపడేలా అడిగాను.

"ఎంత కలపమంటారు సార్?"

"పుస్తకంలో ఉన్నట్టే. ముప్పై."

"తోటకు ఎక్కువవుతుందేమో సార్."

"పుస్తకం రాసింది నువ్వా, నేనా?"

నోరు విప్పనన్నదాన్ని ఎందుకు విప్పానంటే, ఆ ప్రశ్న ఆయన నోటి వెంట రావాలనే. "మీరే సార్" అన్నాను. నన్ను చూసి నలుగురూ నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

ఆయనే పంపు భుజాన వేసుకుని రెండు వరసలు కొట్టాడు. మూడోదానికి తిరగబోతే అత్త అడ్డం నిలబడింది. "ముందు వీటి సంగతి తేలనివ్వండి. తోట నాది" అంది. వచ్చిన పెద్ద అధికారిణి సరేనంది, ఐదు రోజుల తర్వాత మళ్ళీ వస్తామంది. ఆ సాయంత్రం మిగతా వరసలన్నిటికీ నేను ఐదు కొలతతో కొట్టాను.

నిన్న అందరూ వచ్చారు. సారు కొట్టిన రెండు వరసలూ నిప్పు సెగ తగిలినట్టు అంచులు నల్లబడి ముడుచుకున్నాయి. పక్కన నా వరసలు పచ్చగా ఉన్నాయి, పురుగులు సగం చర్మంలో ఇరుక్కుని ఎండి వేలాడుతున్నాయి. అధికారిణి మాడిన ఆకు ఒకటి తెంపి సారు ముందు పెట్టింది. "ఏమిటిది?" అంది.

నా రెండో పుస్తకం సంచిలో పెట్టుకునే వెళ్ళాను. ఆయన అబద్ధమాడగానే బయటికి తీద్దామని. ఆ అవసరం రాలేదు. ఆయన నా వైపు వేలు చూపించి అరిచాడు.

"ఆ కొలత నాది కాదు మేడమ్! దీనిది! మొత్తం దీని పుస్తకంలోంచి తీసిందే! ఇది ఏం రాసిపెట్టిందో నాకేం తెలుసు?"

"మొత్తమా?" అని ఆమె నెమ్మదిగా అడిగింది. అప్పటికి గానీ తానేమన్నాడో ఆయనకు తెలిసిరాలేదు.

"మరి ఈ పచ్చటి వరసలు ఎవరు కొట్టారు?"

"నేనేనండి" అన్నాను. సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చాను. ఆమె నిలబడే పది పేజీలు చదివింది. అచ్చయిన పుస్తకాలు వెనక్కి తెప్పించి, సరైన కొలతతో, నా పేరుతో మళ్ళీ వేయిస్తానంది.

సారు మొహం ఆ ఆకులకంటే నల్లగా ఉంది. జీపు ఎక్కుతూ, "ముందే చెప్పొచ్చుగా" అని గొణిగాడు. "ఎక్కువవుతుందేమోనని అన్నాను కదా సార్" అన్నాను.

ఇవాళ పొద్దున నేను, అత్త కలిసి ఆ రెండు వరసలూ పీకేసి కొత్త నారు నాటాం. ఆవిడ అడిగింది, "పాపం అనిపించలేదుటే?" అని. నిజం చెప్పాను. జీపు మలుపు తిరిగేదాకా, జాలి కలుగుతుందేమోనని అక్కడే నిలబడి చూశాను. కలగలేదు అక్కా. ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను.

నీ చెల్లి