అమ్మమ్మ ఎంచిన మూడు చక్రాల బండి

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను, అమ్మాయి, అల్లుడు, మన బుడంకాయ అందరం బాగున్నాం. మీరు కూడా ఆ కొండల్లో, ఆ సొరంగం పని దగ్గర చలిలో మెడకు మఫ్లరు చుట్టుకుని బాగున్నారనే అనుకుంటున్నాను. చుట్టుకోకపోయి ఉంటే ఇప్పుడు చుట్టుకుని మిగతాది చదవండి.

మీ ఉత్తరం అందింది. ఫోనులో మీ మాటలు సగం కొండలే మింగేస్తున్నాయి గనక ఉత్తరమే నయం. అడిగినవాటికి వరసగా చెబుతాను. వంటింటి కుళాయి కారడం ఆగింది, వాషరు నేనే మార్చాను. మోకాలు మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. డాక్టరమ్మ బరువు తగ్గమంది, మోకాలి ఊసే ఎత్తలేదు. మీ నీలం స్వెటరు ఎక్కడికీ పోలేదు, మీ పెట్టెలోనే అడుగున, పరిచిన పేపరు కింద ఉంది. దొరికాక నా మీద వేసిన నింద వెనక్కి తీసుకోండి.

బుడంకాయ నడుస్తోందా అన్నారు. ఇంకా అడుగులు పడలేదు. గోడ పట్టుకుని నిలబడి, తనను తనే మెచ్చుకుంటున్నట్టు మన వైపు చూసి, ధబ్బున కూలబడుతుంది. పైన రెండు పళ్లు, కింద రెండు.

ఇక మీరు కింద రెండు గీతలు గీసి మరీ అడిగిన ప్రశ్న. "పిల్లని కూర్చోబెట్టే బండికి మూడు చక్రాలేమిటి? నాలుగోది ఎవరెత్తుకుపోయారు?" అని. మన వంటింట్లో మూడు కాళ్ల పీట ఎప్పుడైనా ఊగిందా? నాలుగు కాళ్ల బల్ల కింద మాత్రం మీరే ఎన్నిసార్లు అట్టముక్క దూర్చారు! ఇదీ అంతే. మా వీధి చివర రాళ్లు పరిచిన దారి ఉంది చూడండి, అక్కడ నాలుగు చక్రాల బండి గడగడలాడుతుంది. ముందు ఒకే పెద్ద చక్రం ఉంటే గతుకు ఎక్కి దిగేస్తుంది, మలుపులో ఒంటిచేత్తో తిరుగుతుంది. సందేహం ఉంటే ముందు చక్రం తిరగకుండా బిగించే మీట కూడా ఉంది. పక్కకి ఒరిగే భయం ఎక్కడంటే, హ్యాండిల్‌కి కూరల సంచీ తగిలించినప్పుడు. అందుకే సంచీ సీటు కింది బుట్టలోనే పెట్టాలని అందరికీ చెప్పాను. ఒకరికి రెండుసార్లు చెప్పాను.

ఆ ఒకరు ఎవరో మీకు తెలుసు. మా వదినగారు, మన అల్లుడి తల్లి. మీకు చెల్లెమ్మ వరస గనక మీరు నవ్వేసి ఊరుకుంటారు. రోజూ ఆవిడతో పిల్లని పంచుకునేది నేను.

పంపకం ఎలాగో మీకు పూర్తిగా రాయలేదు. అమ్మాయి మళ్లీ పనిలో చేరాక పొద్దుటి పూట నాది, మధ్యాహ్నం నుంచి ఆవిడది. నా వంతులో పిల్లకి స్నానం, తిండి, మందు చుక్కలు, గోళ్లు తీయడం, ముక్కు తుడవడం. అంటే పిల్ల ఏడ్చే పనులన్నీ. ఆవిడ వంతులో షికారు, చప్పట్లు, నిద్ర. జీవితమంతా బస్సులో టిక్కెట్లు కొట్టిన గొంతు కదా, వీధి మలుపులో ఉండగానే "ఏయ్ బుడంకాయ్, టిక్కెట్ తీసుకున్నావా?" అని కేకేస్తుంది. ఆ కేక వినగానే నా చేతిలో ఉన్న పిల్ల చేపపిల్లలా గింజుకుంటుంది. పొద్దున్నుంచీ దాని చుట్టూ తిరిగిన మనిషిని నేను. నా భుజం మీద నుంచి జారిపోయి ఆవిడ మెడ పట్టుకుంటుంది. ఆవిడేమో "అయ్యో, అమ్మమ్మకి టాటా చెప్పవే" అంటుంది. ఆ టాటా వింటే నాకు ఒళ్లు మండుతుంది.

బండి కొనే రోజున అమ్మాయి మా ఇద్దరినీ కలిపి పంపింది. "తోసేది మీరిద్దరే కదా, మీరే చూడండి. అమ్మ ఏది ఓకే అంటే అదే" అంది. ఆ చివరి మాట నాకు పన్నీరు చల్లినట్టయింది. వదినగారు విందో లేదో అని పక్కకి చూశాను. వింది.

నేను ఎలా వెళతానో మీకు తెలుసు. లిఫ్టు తలుపు వెడల్పు, అమ్మాయి ఇంటి గుమ్మం వెడల్పు టేపుతో కొలుచుకున్నాను. పిల్లంత బరువు బియ్యం సంచీలో పోసి, దుప్పటి చుట్టి, చంకనేసుకుని వెళ్లాను. ఖాళీ బండి ఎవరు తోసినా పువ్వులా పోతుంది, బరువు పడ్డాకే దాని గుణం తెలిసేది. ప్రతి బండిలోనూ ఆ సంచీని కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, షాపు గుమ్మం ఎక్కించి దించాను. షాపు అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వదినగారికి ఆ మొహమాటం కూడా లేదు.

"వదినా, బియ్యానికి టోపీ పెట్టలేదేం? ఎండ తగిలి అన్నమైపోతుంది!"

షాపంతా నవ్వింది. నేను బ్రేకు నొక్కి చూస్తున్నాను.

చివరికి రెండు మిగిలాయి. రెండూ మూడు చక్రాలవే. ఒకటి బూడిద రంగుది, హ్యాండిల్ పైకీ కిందికీ జరుగుతుంది, సీటు మనవైపు కూడా తిప్పుకోవచ్చు. ఇంకోటి ముదురు ఎరుపు. హ్యాండిల్ కదలదు, సీటు ముందుకే చూస్తుంది, చక్రాలు మాత్రం పెద్దవి. నేను ఎర్రదే మంచిదన్నాను. "కదిలే కీలే ముందు వదులవుతుంది వదినా. మన ఇంట్లో మడత కుర్చీ చూడలేదూ? పైగా పిల్ల లోకాన్ని చూడాలి గానీ మన మొహాలు చూస్తే ఏమొస్తుంది?" అన్నాను. షాపు అమ్మాయి కూడా తలూపింది. వదినగారు ఎర్ర బండిని రెండడుగులు తోసి, నా వైపు ఒకసారి చూసి, "మీరు ఓకే అంటే అదే" అంది. బిల్లు ఎప్పటిలాగే జాగ్రత్త చేశాను. టైర్లు అరగకపోతే నెల లోపల మార్చుకోవచ్చన్నారు.

అక్కడి నుంచి నా కష్టం మొదలైంది.

ఆవిడ ఆ బండిని తోయడం మానేసింది. మధ్యాహ్నం పిల్లని చంకనేసుకుంటుంది, బండిలో తన గొడుగు, చేతిసంచీ పెట్టుకుని ఒంటిచేత్తో ఈడ్చుకుపోతుంది. "ఇదేమిటి వదినా?" అంటే, "మీ బండికేం, బంగారం. నేనే నేర్చుకోలేకపోతున్నా" అంటుంది. నేనేమో పొద్దున్న నా వంతులో కూడా ఒక షికారు చేర్చుకుని, ఎంతో శాస్త్రంగా బెల్టులు బిగించి, బ్రేకు తీసి తోస్తాను. నాకు కనిపించేది బండి పైకప్పు. పిల్లకి కనిపించేది వీధి. నేను మాట్లాడితే అది చెట్టు మీది కాకి అనుకుంటుందో ఏమో, పైకి చూస్తుంది. ఆవిడ చంకలో ఉన్నప్పుడు మాత్రం ఆవిడ చెవి లాగుతుంది, ముక్కు కొరుకుతుంది, కళ్లజోడు పీకి నేలకేసి కొడుతుంది. ఆ కళ్లజోడు నాదైనా బాగుండునని అనిపించింది నాకు. చూశారా ఎక్కడిదాకా వచ్చానో!

పోయిన వారం పిల్లకి మొదటి మాట వచ్చింది. ఈ సంగతి ఫోనులో అమ్మాయి మీకు చెప్పే ఉంటుంది, కానీ ఆ మాటేమిటో చెప్పి ఉండదు, నా మొహం చూసి. అమ్మ కాదు, నాన్న కాదు, తాత అంతకన్నా కాదు. వదినగారు షికారుకి బయల్దేరుతూ రోజూ "రైట్, రైట్!" అంటుంది. మన పిల్ల నా బండిలో, నా పొద్దుటి వంతులో, బ్రేకు తీయగానే "ఐట్!" అంది. అమ్మాయి పడీ పడీ నవ్వింది. "అమ్మా, దీనికి బస్సులో ఉద్యోగం ఖాయం" అంది. నేనూ నవ్వాను. స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి కాసేపు నిలబడ్డాను.

ఇంతవరకూ చదివి నేనే బాధితురాలినని అనుకుంటున్నారు కదా. ఇప్పుడు అసలు మాట రాస్తాను. ఈ పేజీ అమ్మాయి కంట పడనీయకండి.

వదినగారు నా భుజం దాకా కూడా రాదు. షాపులో ఆవిడ ఎర్ర బండి పట్టుకున్నప్పుడు హ్యాండిల్ రొమ్ముల దగ్గరికి వచ్చింది, పైకప్పు మీదుగా ముందేముందో కనబడలేదు. మెడ చాచి పక్క నుంచి చూసింది. నేను చూశాను. చూసే అది మంచిదన్నాను. కీలు వదులవుతుందన్నది నిజమే కావచ్చు, కానీ నేను కొన్నది అందుకు కాదు. ఆ బండి నాకే అందాలి, షికారు నా వంతుకి రావాలి. లిఫ్టు, గుమ్మం, బియ్యం, బ్రేకు, అన్నీ పైకి చెప్పాను. ఎత్తు మాట ఒక్కటే నోరు జారనివ్వలేదు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీసిన గోతి మీద ఆవిడ ఉయ్యాల వేసుకుని నా మనవరాలిని ఊపుకుంటోంది.

నిన్న మందుల షాపు దగ్గర ఆవిడ బల్ల మీద కూర్చుని ఉంది. చేతిలో నొప్పుల పట్టీ పొట్లం. నన్ను చూసి దాచబోయింది.

"నడుమా?" అన్నాను.

"ఆఁ, కాస్త పట్టేసింది. పిల్లలకి చెప్పకండి వదినా, మీకు దణ్ణం పెడతా. చెబితే ఇక పిల్లని ఎత్తుకోనివ్వరు."

ఎలా వచ్చిందో తెలియదు, "ఆ బండి మీకు అందదని నాకు షాపులోనే తెలుసు" అనేశాను.

ఆవిడ కొంచెం కూడా తొట్రుపడలేదు. "నాకూ షాపులోనే తెలుసు. మీకు తెలుసనీ తెలుసు."

"మరి అప్పుడే అడగలేకపోయారా?"

"అడిగితే బూడిదది కొనేవాళ్లం. అప్పుడు నేను కూడా మీలాగే తోసుకుంటూ పోవాలి. అందని బండి వచ్చిందనుకోండి, ఇక పిల్లని ఎత్తుకోక ఏం చేస్తాను? ఎవరేమంటారు?" అని పట్టీ పొట్లంతో విసురుకుంది. "మీ చేతిలో స్నానం చేసి, తిని, కడిగిన ముత్యంలా వస్తుంది వదినా అది. మీలా దాన్ని తీర్చిదిద్దడం నాకు చేతకాదు. మీ సబ్బు వాసన నా కొంగుకి అంటుకుని రాత్రి దాకా పోదు. నాకున్నది ఈ చంకొక్కటే. దాన్నీ లాక్కుందామనుకున్నారు, ఊరుకుంటానా?"

నాకు జాలి వేసి ఉండాలి. కొంచెం వేసింది కూడా. కానీ ముందు వచ్చింది కోపం. నా ఎత్తుగడ ఈవిడ ముందే కనిపెట్టి, అమాయకంగా సరేనని, నా చేతే తన పని చేయించుకుంది! లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుని లేచింది. "బండి మాత్రం మార్చకండి. మారిస్తే మీతో పచ్చి గొడవే" అంది.

గడువు ఇంకా ఉంది. టైర్లు అరగలేదు. గొడుగూ చేతిసంచీ బరువుకి, నా పొద్దుటి షికారుకి ఏం అరుగుతాయి! రేపు పొద్దున్నే వెళ్లి బూడిద రంగు బండి తెస్తాను. హ్యాండిల్ కిందికి దిగుతుంది గనక ఆవిడకి చంకనేసుకునే సాకు పోతుంది. నడుము బాగుపడుతుంది. "మా అత్తయ్య కోసం ఎంత ఆలోచించావమ్మా" అని అమ్మాయి అంటుంది, నేను కాదనను. కానీ మీకు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నాకు కావలసింది ఆవిడ నడుము బాగుపడడం కాదు, పిల్ల ఆవిడ చంక దిగడం. ఇంకోటి, సీటు తిరిగే బండి గదా, నా వంతు రాగానే దాన్ని నా మొహం వైపు తిప్పుకుంటాను. "ఐట్" అన్నా సరే, నన్ను చూసి అనాలి.

ఇది మంచి పనో చెడ్డ పనో మీరే ఆలోచించి తేల్చి రాయండి. మీ జవాబు అందేసరికి బండి మార్చేసి ఉంటాను.

వేళకి తినండి. సొరంగంలోకి వెళ్లేటప్పుడు ఆ టోపీ చేత పట్టుకుని కాదు, తలకి పెట్టుకుని వెళ్లండి.

ఇట్లు,
మీ ఇల్లాలు,
బుడంకాయకు అమ్మమ్మ