పదకొండో నిమిషం తర్వాత

7 అక్టోబర్ 2025, మంగళవారం

ప్రూఫులు వచ్చాయి. ఇరవై ఏళ్ల వ్యాసాలు, మూడు వందల పన్నెండు పేజీలు. మొదటి వ్యాసం ‘మెడకు తాడు, పేరు స్నేహం’. పుస్తకం పేరూ అదే. 2007 దీపావళి అయ్యాక రాసింది. పిల్లల కార్టూన్ మీద ఇంత కోపం ఎవరూ ఖర్చు చేయలేదని అప్పట్లో మెచ్చుకున్నారు. ఇవాళ మళ్లీ చదివాను. పదును పోలేదు. ఎవరూ చూడని చోట రాస్తున్నాను కనుక దాచడం దేనికి, మీసం మీద చెయ్యి కూడా వేసుకున్నాను.

జపాన్ నుంచి వచ్చి తెలుగు గొంతులు తొడుక్కున్న సీరియల్ అది. పదేళ్ల పిల్ల, కొమ్మున్న నీలం జంతువు. పిల్ల దాని మెడకు తాడు వేస్తుంది. అది తల వంచుతుంది. ఇక ఇద్దరూ జోడీ. తాడుకు ఒక కొసన ఉన్నవాళ్లు దాన్ని స్నేహం అంటారు, రెండో కొసన ఉన్నదానికి నోరే లేదు. దొరా జీతగాడి కథ కాక ఇదేమిటని అడిగాను. ఇప్పుడైనా అడుగుతాను.

సాయంత్రం కల్యాణి ఫోన్. నా బిడ్డ. భూపాలపల్లిలో టీచర్. ఫిబ్రవరిలో పెళ్లి, తను ఎంచుకున్న విక్రమ్‌తోనే. పుస్తకం సంగతి వాళ్లమ్మ సుజాత చెప్పినట్టుంది. ఆ కార్టూన్ మొదటి ఎపిసోడ్ ఎప్పుడైనా చివరిదాకా చూశావా అని అడిగింది. చూడకుండా రాస్తానా అన్నాను. పెట్టేసింది. కాసేపటికి వాట్సాప్‌లో లింకు వచ్చింది. దాని కింద ఒక్క మాటా లేదు.

8 అక్టోబర్

అబద్ధం చెప్పాను. నేను చూసింది సగమే.

9 అక్టోబర్, గురువారం, పొద్దున ఐదు

నిద్ర పట్టలేదు. రాసేస్తే పోతుందేమో.

2007 దీపావళి. గార్ల దగ్గర మా తండా, యాడి ఇల్లు. యాడి అంటే మా అమ్మ, మంగ్లీ. తెలుగు సంతలో బేరానికి సరిపడా వచ్చు, అంతకు మించి రాదు. కల్యాణికి తొమ్మిదేళ్లు. టీవీ ముందు ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. తెరలో వాళ్లు తెలుగులో మాట్లాడుతుంటే కల్యాణి గబగబా మా భాషలోకి మార్చి నాయనమ్మకు చెబుతోంది. నోరులేని జంతువుకూ తనే ఒక గొంతు పెట్టింది, పిల్లకు ఒక గొంతు. నేను వెనక నిలబడి చూస్తున్నాను. డోర్నకల్‌లో సభ ఉంది. బయట జీపు హారన్ కొడుతోంది. తాడు పడింది, జంతువు తల వంచింది, ప్రకటనలు మొదలయ్యాయి. నాకు కావలసింది దొరికింది. వెళ్లి కేబుల్ వైరు పీకేశాను. ఇది బానిసల బడి అని ఇద్దరికీ చెప్పి జీపెక్కాను.

అప్పటికి పదకొండు నిమిషాలు. ఈ లెక్క నేనే వ్యాసంలో గొప్పగా రాసుకున్నాను, ‘పదకొండు నిమిషాల్లో ఒక జీవిని లొంగదీశారు’ అని.

సభ నుంచి వచ్చేసరికి తండాలో మేరా నడుస్తోంది. మా దీపావళి అదే. పెళ్లికాని ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఒక్కొక్కరి ముందూ ఆగి వరస పెట్టి పిలిచి దీవెన చెబుతారు. యాడీ, తోన మేరా. బాపూ, తోన మేరా. తోన అంటే నీకు. మనుషులయ్యాక కొట్టంలోకి పోయి గొడ్లకూ చెబుతారు. ఆ రాత్రి కల్యాణి కొట్టం గోడ మీద బొగ్గుతో ఆ కొమ్ము జంతువును గీసింది. బర్రెలయ్యాక దానికీ దీపం చూపింది.

నేను చూశాను. మరుసటి వారం రాశాను. ‘నా సొంత బిడ్డ కల్యాణి మన తాతల దీపాన్ని ఒక కంపెనీ బొమ్మకు పట్టింది. బానిసలు ఎక్కడో తయారు కావడం లేదు, నా ఇంట్లోనే ఒకతె తయారైంది.’ పేరు పెట్టి రాశాను. సొంత ఇంటినీ వదలని నిజాయితీ అన్నారు.

కల్యాణి బడి సారు ఒకాయన నా అభిమాని. ఆ వ్యాసాన్ని క్లాసులో పైకి చదివాడు. ఏడాది పొడవునా బళ్లో దాని పేరు బానిస కల్యాణి. ఈ సంగతి నాకు సుజాత చెప్పేసరికి రెండేళ్లు దాటింది.

మరుసటి దీపావళి నుంచి కల్యాణి అందరికీ మేరా చెబుతుంది. నా ముందు ఆగదు. అప్పటి నుంచి బాపూ అని పిలవదు కూడా, నేరుగా మాట మొదలుపెడుతుంది. పదిహేడు దీపావళులు. ఆచారాల మీద నేను రాసిన వాటిలో మేరాను కూడా నాలుగు తిట్లు తిట్టాను. అయినా ప్రతి ఏడూ ఆ వేళకు వాకిట్లో నిలబడతాను, ఏదో వెతుకుతున్నట్టు.

పెళ్లయిన పిల్ల మేరా చెప్పదు. ఇదే ఆఖరు.

10 అక్టోబర్, శుక్రవారం, జనగామ

రైల్లో లింకు తెరిచాను. తాడు పడేదాకా చూశాను. అక్కడే ఆపేశాను. యాభై మూడేళ్లవాణ్ణి, పోలీసులకు భయపడనివాణ్ణి, ఒక కార్టూన్ తర్వాతి నిమిషానికి భయపడ్డాను. ఎదురు సీటులో ఒకామె పల్లీలు ఒలుచుకుంటూ నన్నే చూస్తోంది. ఫోన్ జేబులో పెట్టాను.

హన్మంత్ ప్రెస్సులో కూర్చున్నాం. మా స్నేహం పాతది. వాళ్లది భూములున్న ఇల్లు, నాది తండా, పాతికేళ్లుగా ఒకరినొకరు తిట్టుకుంటూ కలిసి పుస్తకాలు వేస్తున్నాం. సంగతి చెప్పాను. నవ్వాడు. పుస్తకం చదవకుండా సమీక్ష రాశాడని వరంగల్ లెక్చరర్‌ను స్టేజీ మీద కడిగేసింది ఎవరే అన్నాడు. నేనే. చప్పట్లు కొట్టింది ఎవరు అన్నాను. తనే.

తర్వాత గొంతు తగ్గించి, పిల్లల బొమ్మలు గవి రెడ్యన్నా, ఎవడు చూసి నిన్ను నిలదీస్తడు, కవర్లు కూడ అచ్చయినయ్ అన్నాడు. నిలదీసేవాళ్లు లేకపోతే అబద్ధం నిజమవుతుందా అని గంటసేపు వాదించాను. ఆ కంపెనీలు చిప్స్ పొట్లాల్లో కార్డులు పెట్టి పిల్లలను జూదగాళ్లను చేసిన మాట వాస్తవం. ఆ భాగంలో ఒక్క అక్షరం మార్చను. హన్మంత్ విని, నువ్వు నాతోని కొట్లాడుతలేవే, వేరే ఎవలతోనో కొట్లాడుతున్నవ్ అన్నాడు. టీ తెప్పించాడు.

12 అక్టోబర్, ఆదివారం, భూపాలపల్లి

బస్సులో వెళ్లాను. కల్యాణి గది చిన్నది, శుభ్రంగా ఉంది. గనుల ఊరు కదా, పెట్టెల మీది బొగ్గు దుమ్ము తుడిచిన గుడ్డ ఆరేసి ఉంది. టీ ఇచ్చింది. నేను సగమే చూసిన మాట ఒప్పుకున్నాను. ఆశ్చర్యపోలేదు. వ్యాసం కింద ఒక ఫుట్‌నోట్ వేస్తాను, నా తప్పు బహిరంగంగా ఒప్పుకుంటాను, ఇట్లా ఒప్పుకున్న రచయితలు ఎంతమంది ఉన్నారో చూపించు అన్నాను. చెబుతూ చెబుతూ గొంతు పెంచినట్టున్నాను. పక్కగది తలుపు తెరుచుకుని మూసుకుంది.

కల్యాణి తన గది తలుపు దగ్గరికి వేసింది. తర్వాత అన్నది: “పుస్తకంల నన్ను పెట్టినవని కాదు నా బాధ. నన్ను చూడకుంటనే పెట్టినవ్. గిప్పుడు గూడ ఫుట్‌నోట్ అంటున్నవ్ గని, చూసిన అంటలేవ్.”

సంచీ భుజాన వేసుకుని లేచాను. బస్టాండు దాకా వచ్చి నాకు కిటికీ పక్క సీటు చూపించి వెళ్లింది.

13 అక్టోబర్

ఇంకా చూడలేదు. సుజాత అడగడం మానేసింది.

16 అక్టోబర్, గురువారం, తండా

ఒంటరిగా చూడలేనని తేలిపోయింది. యాడి దగ్గరికి వచ్చాను. ఎనభై దాటింది. చూపు మందగించింది కానీ చెవులు చురుకే. మంచం మీద పక్కన కూర్చుని ఫోన్ పట్టుకున్నాను. కొమ్ము కనబడగానే గుర్తుపట్టింది. ఇది మన కల్యాణిది కదా అన్నది. కంపెనీది కాదట, కల్యాణిదట.

తాడు పడింది. నా వేలు పాజ్ మీదికి పోయింది. యాడి నా చెయ్యి తీసి పక్కన పెట్టింది.

పదకొండో నిమిషం తర్వాత జరిగింది ఇదీ. ఊరి పెద్ద ఆ జంతువుతో కొండమీదికి ఉప్పు మోయించమంటాడు. పిల్ల తాడు పట్టుకుని లాగుతుంది. వాన వస్తుంది, వాగు వస్తుంది. తాడు బండలో ఇరుక్కుంటుంది. నీళ్లు జంతువు మెడదాకా. పిల్ల రాయితో తాడును కొట్టి కొట్టి తెంపుతుంది. ఉప్పు కొట్టుకుపోతుంది. నువ్వు పో అంటుంది. అది పోతుంది. వెనక్కి చూడదు. పిల్ల చీకట్లో దారి తప్పి ఏడుస్తుంది. అప్పుడు ముందు ఎక్కడో కొమ్ము మెరుస్తుంది. అది నాలుగడుగులు వేసి ఆగుతుంది, పిల్ల అందుకున్నాక మళ్లీ నడుస్తుంది. అది ముందు, పిల్ల వెనక. తాడు లేదు. పాట వచ్చేస్తుంది.

నా వ్యాసం మొత్తం మొదటి సగంలోనే ఉంది. రెండో సగం నాకంటే బాగా వాదించింది.

ఆ రోజు వైరు పీకి పోయావు కదా, మేము ప్రకటనలు అయ్యేలోపే పక్కింటికి పోయి మిగతాది చూశాం అన్నది యాడి. పదిహేడేళ్లు దాటినా ఆ గెలుపు నవ్వు తగ్గలేదు. తర్వాత అన్న మాట మా భాషలోది, తెలుగులో రాసుకుంటున్నాను: “మన ఎడ్ల బిడారుల ముందు నడిచే ఎద్దుకు ముక్కుతాడు ఉండకపోయేది. బరువు ఎత్తకపోయేది. అద్దాల బట్ట కప్పి దాని వెంట మనుషులు నడిచేది. మేరాల దానికి వాటా ఉండె. గిది గూడ గసొంటిదే, గోడ మీద గియ్యి బిడ్డా అని నేనే చెప్పిన.”

మా ఎడ్ల బిడారుల చరిత్ర మీద నలభై పేజీలు రాశాను. గెజిటీర్లు తిరగేశాను, హైదరాబాద్ లైబ్రరీల్లో దుమ్ము పీల్చాను. యాడిని ఒక్క మాట అడగలేదు. ఆ పిల్ల కంపెనీ బొమ్మకు దీపం పట్టలేదు. మా ముత్తాతల ఎద్దుకు పట్టింది. ఆ పిల్లను నేను బానిస అన్నాను, పేరు పెట్టి, అచ్చులో.

యాడి నా ముఖం చూసి మజ్జిగ తాగమన్నది.

17 అక్టోబర్, శుక్రవారం

వ్యాసం తీసేస్తే దాచినట్టు. ఉంచితే మళ్లీ కొట్టినట్టు. పొద్దంతా ఇదే.

సాయంత్రం హన్మంత్‌కు ఫోన్ చేశాను. కార్డుల వ్యాపారం మీద రాసిన భాగం ఉంటుంది. తాడు భాగం ఉండదు. కల్యాణి పేరు, మేరా, బానిస, ఆ తొమ్మిది వాక్యాలు ఉండవు. వ్యాసానికి మొదటి వాక్యం కొత్తది: ‘ఈ సీరియల్‌ను పదకొండు నిమిషాలు చూసి నేనొక తీర్పు రాశాను, అది తప్పు.’ అంతే. నా నిజాయితీ గురించి వివరణ లేదు. పుస్తకం పేరు మారుతుంది. అచ్చయిన కవర్ల మాట అతను ఎత్తాడు. తర్వాత, సరే తియ్, గా అట్టలు మా పిల్లల నోటుబుక్కులకు అయితయ్ అన్నాడు.

కల్యాణికి చెప్పను. చెబితే కూలి అడిగినట్టు ఉంటుంది.

19 అక్టోబర్, ఆదివారం

కల్యాణి తండాకు వచ్చింది. నేనూ సుజాతా ముందే ఉన్నాం. నీళ్లు తాగి, నా వైపు చూడకుండానే అడిగింది: “చివరికేమయితది?”

“అది ముందు నడుస్తది,” అన్నాను.

గ్లాసు బోర్లించి లోపలికి పోయింది.

20 అక్టోబర్, సోమవారం, మధ్యాహ్నం

వాకిట్లో నిలబడకూడదని నిర్ణయించుకున్నాను. పదిహేడేళ్లుగా అక్కడ నిలబడటమూ ఒక తాడే. ఇన్నాళ్లూ తట్టలేదు.

యాడికి చెప్పలేదు, అయినా పని చెప్పింది. పటాకులకు బర్రె బెదురుతుందట. పొద్దు గూకాక కొట్టంలో దాని పలుపు పట్టుకుని నిలబడమన్నది. ఇంతమంది కుర్రాళ్లు ఉండగా నేనే ఎందుకని అడగబోయాను. అడగలేదు.

కొట్టం గోడకు ఎన్నోసార్లు సున్నం వేశారు. ఒకచోట లోపలి నుంచి నలుపు కనబడుతోంది. కొమ్ము అయి ఉండొచ్చు. కాకపోనూవచ్చు.

21 అక్టోబర్

రాత్రి కల్యాణి దీపంతో కొట్టంలోకి వచ్చి బర్రె ముందు ఆగింది. తోన మేరా.
దూడ ముందు. తోన మేరా.
గోడ మీది నలుపు ముందు.
నా ముందు. “తోన మేరా.”

దూడకు చెప్పిన గొంతుతోనే. బాపూ అనలేదు. దీపం ఎత్తి నా ముఖం చూసింది, పోయింది.

నన్ను గొడ్లలో కలిపింది. పలుపు ఎప్పుడు చేతిలోంచి జారిందో తెలియదు. బయట పటాకులు పేలుతూనే ఉన్నాయి. బర్రె ఎక్కడికీ పోలేదు. నేనూ.