మొదటి దోసెకు మార్కు లేదు

రాజ్యం,

నువ్వు పోయి నేటికి ఏడాది. వచ్చే వారం మన సుశీలకు బి.ఏ. అర్థశాస్త్రం పరీక్ష. రోజూ పొద్దున మూడు గంటలు కూర్చోబెట్టి, పాత ప్రశ్నపత్రం ఒకటి పూర్తిగా రాయిస్తున్నాను. దిద్దేది నేనే.

ఒకే వస్తువు వాడేకొద్దీ తృప్తి తగ్గుతుందన్న సూత్రాన్ని ఉదాహరణతో వివరించమని ఇవాళ్టి ప్రశ్న. అమ్మాయి దోసెలను తీసుకుంది. మొదటిది పెనానికి అంటుకుని విరిగిపోతుందనీ, మూడోదాకా తృప్తి పెరుగుతుందే గాని తగ్గదనీ రాసింది.

"అన్నీ ఒకే తీరుగా ఉంటేనే సూత్రం. ఇట్లా రాస్తే ఫస్ట్ క్లాసు పోతుందే," అన్నాను.

"మీ ఆకులోకి అన్నీ ఒకే తీరుగానే వచ్చె, నాయనా. విరిగిందాన్ని అమ్మ ఆడే, పొయ్యి కాడే తినేసేది," అని నవ్వింది.

పదికి నాలుగు వేశాను. కమలాపండ్లతో మళ్లీ రాయించాను. ఈసారి సరిగ్గా రాసింది.

ఇరవై రెండేళ్లు నీ చేతి దోసెలు తిన్నాను. మొదటిది ఒక్కసారీ చూడలేదు. రేపు రాతకు కూర్చునే ముందు అమ్మాయి దోసెలు పోస్తుంది. మొదటిది నా ఆకులో వెయ్యమన్నాను.